గేటాయన కట్టిన మూగ గోడ

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండాలి, ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం ఎవరికీ దానితో పని పడలేదు. అందరికీ ఆయన గేటాయనే. పెద్దాసుపత్రి గేటు పక్కన స్టూలు మీద జుట్టు నల్లగా ఉన్నప్పుడు కూర్చుని, తెల్లబడ్డాక లేచాడు. వెళ్ళేటప్పుడు ఆసుపత్రివాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చారు. దాన్ని హాల్లో తగిలించి, దాని కింద కుర్చీ వేసుకుని, వీధి తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇది మన ఇల్లండీ, ఇక్కడికొచ్చేది మన చుట్టాలే. కుర్చీ ఇటు తిప్పుకోండి" అంది భార్య.

కుర్చీ తిప్పుకున్నాడు గానీ, మెడ మాత్రం అటే ఉండిపోయింది.

గేటు కాయడమంటే లోకానికి చిన్నచూపు. వచ్చినవాణ్ణి ఆపడమేగా, అదీ ఒక పనేనా అంటారు. అనేవాళ్ళను ఒక్క పూట ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలి, అప్పుడు తెలుస్తుంది. వేళ కాని వేళలో వచ్చినవాణ్ణి పంపితే లోపల డాక్టరు తిడతాడు, పంపకపోతే బయటివాడు తిడతాడు. గేటాయన రెండు తిట్లూ తిన్నాడు. కానీ జవాబు చెప్పకుండా ఎవరినీ నిలబెట్టలేదు.

అది ఆయన పుట్టుకతో తెచ్చుకున్న మంచితనం కాదు, చూసి నేర్చుకున్నది. ఉద్యోగం కొత్తలో ఆయనతో పాటు ఒక పాత కాపలాదారు ఉండేవాడు. ఎవరేమడిగినా ఆ మహానుభావుడు పేపర్లోంచి తల ఎత్తేవాడు కాదు. "అడిగి అడిగి వాళ్ళే పోతారు, మనకెందుకు నోరు నొప్పి" అనేవాడు. ఒకనాడు ఒకామె అన్నం డబ్బా పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. ఇప్పుడు కాదని ఒక్క మాట చెప్తే ఆమె వెళ్ళి నీడన కూర్చునేది. చెప్పలేదు. డబ్బా చల్లారేదాకా ఆమె ఆ ఎండలోనే నిలబడింది. ఆమె ముఖం చూశాక గేటాయనకు అన్నం సయించలేదు. పొమ్మనడం తప్పు కాదు, ఎదుట మనిషే లేనట్టు ఉండటం తప్పు అని ఆ రోజే మనసులో రాసిపెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయన మాట ఒకటే: "ఇప్పుడు కాదండీ, సాయంత్రం. అదిగో, ఆ బెంచీ మీద కూర్చోండి, నేనే పిలుస్తాను." పిలిచేవాడు కూడా.

ఆ బెంచీ పుణ్యమా అనే ఆయనకు పెళ్ళయింది. కడుపులో ఆపరేషనై అక్క లోపల పడుకుని ఉంటే, చెల్లెలు ఆదరాబాదరాగా రోజూ వేళ కాని వేళకే వచ్చేది. ఈయన రోజూ ఆపేవాడు, రోజూ బెంచీ చూపించేవాడు. బెంచీ మీద కూర్చున్న ఆడపిల్లకు కబుర్లు చెప్పడం గేటు పనుల్లో లేదు. అయినా చెప్పేవాడు. పై అంతస్తు కిటికీలోంచి అక్క ఇదంతా కనిపెడుతూనే ఉంది. ఆవిడ సామాన్యురాలు కాదు. తల్లి పోయిన ఇంట్లో, తనకే జడ వేసుకోవడం రాని వయసులో చెల్లికి జడ వేసి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన కూర్చుని పెంచిన మనిషి. ఇంటికి వెళ్ళే రోజున గేటు దగ్గర ఆగి, ఈయన్ని ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళూ మా చెల్లిని ఆపావుగా, ఇక జన్మంతా ఆపుకో" అంది. సంబంధం అలా కుదిరిపోయింది.

ఇప్పుడా అక్కాచెల్లెళ్ళవి వేర్వేరు ఊళ్ళు. వయసు మీద పడి అక్కకు వినికిడి తగ్గింది. జేబులో ఫోను ఆవిడకు దోమ రొదలా వినిపిస్తుందట. చెల్లికి చెవులు బాగానే ఉన్నాయి గానీ, జేబు ఫోనంటే ఆమెకూ పడదు. గేటాయన అల్లుడు ఆఫీసుల్లో కంప్యూటర్లకు తీగలు లాగి కలిపే పని చేస్తాడు. అతనే రెండిళ్ళలోనూ ఇంటర్నెట్ మీద నడిచే బల్ల ఫోన్లు పెట్టించాడు. అరచేయంత అంకెలు, గోడ అవతలివాళ్ళకు కూడా వినపడేంత గొంతు. వాటితో మాట్లాడుకోవడానికి అక్కాచెల్లెళ్ళు పెట్టుకున్న పద్ధతి వంతులు. ఒకరోజు అక్క చేస్తే మర్నాడు చెల్లి చేయాలి. చిన్నప్పుడు ఇంట్లో ఒక్క ఉయ్యాలే ఉండేది. దాని మీద ఎవరు ఊగాలన్న తగువు తీర్చడానికి అక్కే కనిపెట్టింది ఈ పద్ధతి. ఎదుటివాళ్ళ వంతు లాక్కోవడమంటే కళ్ళలో ఇసుక కొట్టడమేనని అప్పుడే తీర్పు చెప్పింది. ఉయ్యాల ఎప్పుడో తెగిపోయింది, తీర్పు మాత్రం తెగలేదు.

ఇక గోడ సంగతి. వీళ్ళుండేది మేడ మీద, కింద కటింగ్ షాపు. గేటాయన భార్యది పెద్ద చెయ్యి. వైఫై పాస్‌వర్డు అడిగినవాళ్ళకల్లా చెప్పేసేది. కటింగ్ షాపాయనకు చెబితే, మరిచిపోతానేమోనని అతను దాన్ని అద్దం మూల సబ్బుతో రాసుకున్నాడు. ఇంకేముంది, గడ్డం గీయించుకునేవాళ్ళతో పాటు గడ్డం మొలవనివాళ్ళు కూడా వచ్చి మెట్ల మీద కూర్చుని సినిమాలు చూడటం మొదలుపెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. ఒకరోజు గేటాయన గడ్డానికి సబ్బు పూయించుకుని అద్దంలోకి చూస్తే ఏముంది, ఎదురుగా తన పెళ్ళిరోజు తారీఖు! అదే పాస్‌వర్డు. సగం గడ్డంతో మెట్లెక్కాడు.

"ఊళ్ళో వాళ్ళంతా నా గేటు తోసుకుని వస్తుంటే నేను కుర్చీలో కూర్చుని గడియారం చూస్తున్నాను బాబూ" అని అల్లుడికి ఫోన్ చేసి గోల పెట్టాడు.

"పాస్‌వర్డు మార్చేయండి మామయ్యా, సరిపోతుంది" అన్నాడు అల్లుడు.

సరిపోదు అన్నాడు మామ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడు తాళం ఒక్కటి మార్చి ఊరుకుంటే ఏం లాభం, గేటుకు కాపలా ఉండాలి అన్నాడు. పోరు పడలేక అల్లుడు, ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన, బయటివాళ్ళకు గోడలా అడ్డు నిలిచే ఒక ఫైర్‌వాల్ పెట్టె, దానికి తోడు గుండ్రటి వైఫై బిళ్ళ ఒకటి పార్సిల్ చేశాడు.

అంతవరకూ ఆ ఇంట్లో ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ డబ్బా ఒక్కటే అన్ని పనులూ చేసేది. బయటి తీగ పట్టుకునేదీ అదే, ఎవరు రావచ్చో చూసేదీ అదే, గాలిలోకి వైఫై వదిలేదీ అదే. "గేటు కాసేవాడే మందులిచ్చి, వాడే ఆపరేషన్ కూడా చేస్తే దాన్ని ఆసుపత్రి అంటారా?" అన్నాడు గేటాయన. ఎవరి పని వాళ్ళకు పంచాలని కూర్చున్నాడు. అల్లుడు ఫోన్లో చెబుతుంటే, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే, దానితో కుస్తీ పట్టాడు. కంపెనీ డబ్బాను ఉత్త వంతెన చేసేశాడు. ఇక దానికి సొంత తెలివి లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు దాటించడమే. దాని వెనక ఇనుప పెట్టె. ఒక కన్నంలో బయటి తీగ, ఇంకో కన్నంలో ఇంటి తీగ, ఏది దాటాలన్నా మధ్యలో ఈ పెట్టెను అడిగి దాటాలి. మొదట రెండు తీగలూ తారుమారుగా గుచ్చి ఒక పూటంతా అల్లుణ్ణి తిట్టాడు. తప్పు తనదని తెలిశాక ఇంకాసేపు తిట్టాడు.

వైఫై బిళ్ళను హాలు కప్పుకు నడిమధ్యన బిగించాడు. దానికి వేరే కరెంటు తీగ అక్కర్లేదు, కబురు వచ్చే తీగలోనే కరెంటూ వస్తుంది. తిండీ కబురూ ఒకే దారిలో వస్తున్నాయని ఆయన మురిసిపోతుంటే, భార్య తలెత్తి చూసి, "కప్పుకి కంచం బోర్లించారేమిటండీ" అంది. ఆ రోజునుంచీ దాని పేరు కంచమే. మెట్ల మీద కూర్చునేవాళ్ళను మరీ తరిమేస్తే బాగుండదని ఆమె పట్టుబడితే, వాళ్ళ కోసం వేరే వైఫై ఒకటి పెట్టాడు. దాన్ని పట్టుకున్నవాళ్ళు బయటి లోకాన్ని చూడొచ్చు, ఇంట్లోకి తొంగి చూడలేరు. దానికి 'బెంచీ' అని పేరు పెట్టుకున్నాడు.

చివరికి కాపలా నియమాలు పెట్టే పేజీ తెరిచాడు. అల్లుడి లెక్క ప్రకారం అక్కడున్నవి మూడు మాటలు. రానివ్వు. తిప్పి పంపు. పట్టించుకోకు. మొదటి రెండూ గేటాయన బతుకంతా చేసినవే. మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"పట్టించుకోకు అంటే ఏంటి బాబూ?"

"జవాబే ఇవ్వదు మామయ్యా. తలుపు కొట్టినవాడికి లోపల మనిషున్నాడో లేడో కూడా తెలీదు."

"అదేం మర్యాద! పొమ్మనైనా చెప్పాలి కదా?"

"అలా వచ్చేవి మనుషులు కాదు. ఊరూరా తలుపులు తట్టుకుంటూ తిరిగే దొంగ మిషన్లు. పొమ్మని జవాబిచ్చారంటే, ఓహో ఇక్కడొక ఇల్లుందన్నమాట అని గుర్తు పెట్టుకుంటాయి. బయటినుంచి వచ్చేవాటికి అందరూ మూడోదే పెడతారు. అవునూ, మనింట్లో బయటినుంచి పిలుపొచ్చే వస్తువులేమైనా ఉన్నాయా?"

"మనింటికి ఎవరొస్తారు బాబూ, ఏమీ లేవు" అన్నాడు గేటాయన.

కళ్ళెదురుగా బల్ల మీద ఫోను ఉంది. పాతికేళ్ళనాటి పూలకుండీని చూసినట్టు దాని మీదినుంచి చూపు జరిగిపోయింది. ఆ ఫోన్లు పెట్టించిన అల్లుడికీ అది గుర్తు రాలేదు. గేటాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. పేపర్లోంచి తలెత్తని ఆ పాత కాపలాదారు కళ్ళముందు మెదిలాడు. అయినా దొంగ మిషన్లకు అన్నం డబ్బాలుంటాయా ఏమిటని సర్దిచెప్పుకుని మూడోదే నొక్కాడు. లోపలివాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చు. బయటినుంచి వచ్చింది ఏదైనా సరే, పట్టించుకోకు. అంతా అయ్యాక బల్ల ఫోను నుంచే అల్లుడికి ఫోన్ చేసి చూశాడు. బ్రహ్మాండంగా పలికింది. లోపలికొచ్చేవాళ్ళను కాస్తూ బతుకు వెళ్ళదీసిన మనిషి, పరీక్ష మాత్రం బయటికి వెళ్ళే దారికి పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

అక్కాచెల్లెళ్ళకు అంతకు ముందు రోజే చిన్న మాటామాటా అయింది. ఆ రోజు చెల్లి వంతు.

"ఓ నెల్లాళ్ళు వచ్చి నా దగ్గర ఉండిపోవే" అంది అక్క.

"ఆయన్ని ఒక్కర్నీ వదిలి ఎలా వస్తానక్కా?"

"అవున్లే, నీకు నాకన్నా ఆ గేటే ఎక్కువ."

"ఆ గేటుకి కట్టబెట్టింది నువ్వేగా!" అని చెల్లి నోరు జారింది. అక్క ఠక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు అక్క వంతు. ఫోన్ మోగలేదు. ఆ తర్వాతి రోజూ మోగలేదు. గేటాయన భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. మిషను దగ్గర చేసే పని మానేసి, చేత్తో కుట్టేవన్నీ తెచ్చుకుని ఫోను పక్కన చేరింది. గుండీలు కుట్టింది, అంచులు మడిచింది, కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టింది. కూరలో ఉప్పు ఒకనాడు రెండుసార్లు పడింది, ఒకనాడు అసలు పడలేదు. మనిషి సగమైపోయింది. గేటాయన మాత్రం కొన్నాళ్ళపాటు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ, పెట్టె మీద ఆకుపచ్చ దీపం మిణుకుమంటుంటే చూసుకుని సంబరపడ్డాడు. మగవాడి కళ్ళు అలా ఉంటాయి మరి.

ఉప్పు లేని కూర తిన్న రోజున అడిగాడు. "ఏమైంది నీకు?"

ఆమె చెప్పింది.

"దానికింత బాధెందుకు? ఫోన్ అక్కడే ఉందిగా, నువ్వే చెయ్యి."

"ఆవిడ వంతండీ అది. అది కూడా లాక్కుంటే, అన్న మాట చాలక ఇదొకటా అనుకోదూ? కోపం తగ్గితే ఆవిడే చేస్తుంది." దారం పళ్ళతో తెంపి, "తగ్గకపోతేనే... నాకు అమ్మ మొహం గుర్తులేదండీ. అమ్మ అంటే నాకు అక్క మొహమే కనపడుతుంది" అంది.

గేటాయన లేచి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

తర్వాత ఒకరోజు పాత స్నేహితులను చూసొద్దామని ఆసుపత్రికి వెళ్ళాడు. గోడ కట్టాక ఇల్లు కదలడం అదే మొదటిసారి. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కాపలాదారు స్టూలు ఇచ్చి కూర్చోబెట్టాడు. కబుర్లలో పడి పొద్దు తెలియలేదు. భోజనానికి ఆలస్యమవుతుందని చెబుదామని తన జేబు ఫోన్లోంచి ఇంటి బల్ల ఫోనుకు చేశాడు. చెవిలో మోగుతోంది. మోగింది, మోగింది, తెగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. బాత్రూంలో ఉందేమో అనుకున్నాడు. మూడోసారీ అంతే. ఆ మధ్య తిండి సరిగా తినడం లేదు, కళ్ళు తిరిగి పడిపోయిందేమో. చెప్పులు సరిగా తొడుక్కున్నాడో లేదో, ఆటో ఎక్కి ఇంటికొచ్చి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెట్లెక్కాడు.

ఆమె ఫోను పక్కనే కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతోంది.

"ఫోనెందుకు ఎత్తవు? నా ప్రాణం పోయిందనుకో!"

"మోగితే కదా ఎత్తడానికి! పొద్దున్నుంచీ దీని పక్కనుంచి లేవలేదు నేను."

"మోగకపోవడమేంటి? నా చెవిలో గణగణా మోగింది. ఒకసారి కాదు, మూడు..."

ఇద్దరూ ఫోన్ వైపు చూశారు. గేటాయన చూపు అక్కడినుంచి తీగ వెంబడి మెల్లగా పాకి, గోడ పక్కన ఇనుప పెట్టె దగ్గర ఆగింది. దీపం ఆకుపచ్చగా, బుద్ధిగా మిణుకుమంటోంది.

"కంచే చేను మేసిందే!" అన్నాడు, కుర్చీలో కూలబడి. "ఏదొచ్చినా పట్టించుకోవద్దని నేనే చెప్పానే దానికి."

"అంటే... అక్క చేసిందంటారా?"

"చేసే ఉంటుంది. ఇందాక నాకు మోగినట్టే వదినకీ మోగి ఉంటుంది. నువ్వు వింటూ కూడా ఎత్తడం లేదనుకుని ఉంటుంది."

ఆమె చేతిలో సూది అలాగే ఉండిపోయింది. "అయ్యో, నేనా! నేను ఎత్తకుండా ఉంటాననుకుందా?" అని ఏడ్చేసింది. గేటాయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

అల్లుడికి చెబితే అతనూ తల బాదుకున్నాడు. ఆ ఫోన్ కంపెనీనుంచి వచ్చే పిలుపును నేరుగా బల్ల ఫోనుకు పంపమని కొత్త నియమం రాయించాడు. గేటాయన రాసి, తన ఫోన్లోంచి చేసి చూస్తే మోగలేదు. పెట్టె నియమాలను పైనుంచి కిందికి చదువుతుందట. 'పట్టించుకోకు' దగ్గరే ఆగిపోతే, దాని కింద రాసిన 'రానివ్వు' ఎవరికి కావాలి? ఆ కొత్త నియమాన్ని ఎక్కించి అన్నిటికన్నా పైన పెట్టాడు. మళ్ళీ చేశాడు. బల్ల ఫోను ఇల్లదిరేలా మోగింది. కింద కటింగ్ షాపాయన "ఏమైందండీ?" అని కేకేశాడు.

"మోగింది!" అన్నాడు గేటాయన, పిల్లాడికి మొదటి మాట వచ్చినంత సంతోషంగా. "ఇక వదిన చేస్తే మోగుతుంది."

"ఆవిడ ఎందుకు చేస్తుంది? ఆవిడ వంతు ఆవిడ చేసేసింది కదండీ. మనకి మోగకపోతే మాత్రం చేయనట్టా? ఇప్పుడు వంతు నాది." ఆమె కళ్ళు తుడుచుకుని, అంకెలు నొక్కింది.

అవతల ఒక్కసారి మోగీ మోగకముందే ఎత్తారు. అక్క గొంతు హాలంతా నిండిపోయింది.

"ఎవరూ?"

"నేనే అక్కా."

"అన్నం తిన్నావుటే?" అంది అక్క.

చెల్లి ఫోను ఆయన వైపు చాపింది. గేటాయన ఫోన్ అందుకున్నాడు. "వదినా, దానిదేం తప్పు లేదు. తప్పంతా నాది. దొంగలు రాకుండా ఇంటికి ఒక గోడ పెట్టాను. అది మీ ఫోను ఆపేసింది. ఇక్కడ మోగనే లేదు. రోజూ ఆ ఫోను పక్కనే కూర్చుంది మీ చెల్లెలు."

అవతల అక్క ముక్కు చీదుకోవడం వినిపించింది. "అప్పుడు చెల్లిని ఆపావు, ఇప్పుడు నన్ను ఆపావు. అప్పుడు బెంచీ అయినా చూపించావు కదా మరిదీ!"

"అదే వదినా నా బాధ. జవాబు చెప్పకుండా ఎవర్నీ నిలబెట్టలేదు నేను. సొంత మనిషిని నిలబెట్టాను. కనీసం పొమ్మని చెప్పి ఉన్నా..."

"పొమ్మని ఉంటే పోయేదాన్నయ్యా" అంది అక్క. "అంత మాటన్నాక ఇంకా ఎందుకు చేస్తాను? ఎవరూ ఏమీ అనలేదు కాబట్టే, ఈసారి ఎత్తుతుందేమో, ఈసారి ఎత్తుతుందేమో అని రోజూ చేశాను."

చెల్లి ఫోన్ లాక్కుంది. "రోజూనా? మరి నా వంతు రోజున?"

"ఆ రోజూ నేనే చేశానే."

"నా వంతు లాక్కున్నావా అక్కా?"

"లాక్కున్నాను. ఉయ్యాల ఖాళీగా ఊగుతుంటే చూడలేకపోయాను."

గేటాయన అక్కడ ఉండలేక లోపలికి వెళ్ళాడు. కాసేపటికి అటక మీది ప్రయాణపు పెట్టె దించి, దుమ్ము దులిపి, హాల్లోకి తెచ్చి భార్య ముందు పెట్టాడు. లోపలివాళ్ళు బయటికి వెళ్ళడానికి ఆయన గోడ మొదటినుంచీ అడ్డం చెప్పలేదు.

ఆమె ఫోను మూతికి చెయ్యి అడ్డం పెట్టి, "మీరొక్కరూ ఎలా ఉంటారండీ?" అంది.

"గేటు దగ్గర ఒక్కణ్ణే కూర్చోవడం నాకేమైనా కొత్తా? వెళ్ళి నెల్లాళ్ళూ ఉండిరా. రోజూ ఫోన్ మాత్రం చెయ్యి."

"రోజూ నేనెందుకు చేస్తాను?" అంది ఆమె. "వంతులు. మొదటి వంతు మీది."